జీపు క్రింద మరక

తెలుగు పాఠం చెప్పుకొనే వారికి జీపు క్రింద పని ఏమిటని చదువరులు నవ్వవచ్చును. నవ్వదగిన మాటే. కాని మేము పెరిగిన ఇంటిలో ఒక గోడ వారగా పుస్తకాలు, మరొక గోడ వారగా పానాలు ఉండేవి. మా మేనమామగారు కర్నూలులో ముప్పది సంవత్సరాలకు పైగా జీపులు, లారీలు బాగుచేసినవారు. పేటవారందరూ ఆయనను ఉస్తాద్ అనేవారు. మేము మామూజాన్ అనేవారము. బడి సెలవులలో ఆయన షెడ్డులో, బండి క్రింద పడుకొన్న ఆయనకు దీపం చూపడం మా పని. విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. చదివిన రెండేండ్లలో ప్రబంధ పద్యాలను పదం పదం విడదీసి చూడటం నేర్చుకొన్నాము. చూడటం అనే పనిని అంతకు ముందే ఆ దీపం దగ్గర కొంత నేర్చుకొన్నామని ఇప్పుడు తోచుచున్నది.

2018 డిసెంబరులో ఆరుగురు విద్యార్థులతోను, సహోద్యోగి ఒకరితోను కలిసి, పుస్తకాలు, పలకలు, దుప్పట్లు తీసుకొని నల్లమల అడవిలోని ఒక చెంచు గూడేనికి బయలుదేరాము. లోపలి దారి రాళ్ల దారి కనుక కర్నూలులోనే ఒక పాత జీపును అద్దెకు మాట్లాడాము. నందికొట్కూరు, ఆత్మకూరు దాటి, అడవి దారిన దోర్నాల చేరి టీ కొరకు ఆగాము. అక్కడి నుండి శ్రీశైలం వైపు ఘాటు రోడ్డు మొదలగును. టీ త్రాగుచుండగా ఒక విద్యార్థి వచ్చి, "సార్, వెనుక ఎడమ చక్రం లోపలి వైపు ఏదో కారుతున్నది" అన్నాడు. వంగి చూచాము. టైరు లోపలి ప్రక్కన నల్లని తడి చార. దాని క్రింద దుమ్ములో అయిదారు చుక్కలు.

డ్రైవరు వంగి చూడను కూడ లేదు. "అది హౌసింగు ఆయిల్ సార్. పాత బండి కదా, మామూలే. తొందరగా ఎక్కండి, రాత్రి అయితే అడవి గేటు వేసేస్తారు" అన్నాడు. నూనె కారని జీపులో నూనె లేనట్టే అని ఒక హాస్యోక్తి డ్రైవర్లలో ఉన్నది. దానినీ వినిపించాడు. పిల్లలు నవ్వారు.

ఆ మాటలో సగం నిజం లేకపోలేదు. జీపు 1941లో అమెరికాలో యుద్ధం కొరకు బారులు తీర్చి తయారుచేసిన వాహనం. విల్లీస్ సంస్థవారి ఆ నమూనానే రెండవ ప్రపంచ యుద్ధానంతరం మహీంద్ర వారు బొంబాయిలో కూర్చడం ప్రారంభించారు. మన ఏజెన్సీ గ్రామాలకు వైద్యులను, అటవీ ఉద్యోగులను, ఎన్నికల పెట్టెలను మోసినవి ఆ వంశపు బండ్లే. ఆ కాలపు యంత్రాలలో ఇనుప భాగాల నడుమ నూనెను ఆపవలసినది బెండు, కాగితం, ఫెల్టు వంటి ప్యాకింగులు మాత్రమే. అవి ఎండిన కొలది అతుకుల వద్ద తడి కనబడటం సహజం. కాని "మామూలే" అనే మాట ఎంతవరకు చెల్లునో, ఎక్కడ చెల్లదో తెలియకపోతే అది ప్రాణాంతకమైన మాట.

మామూజాన్ షెడ్డులో ఇందుకు మూడు ఉర్దూ క్రియలు ఉండేవి: రిస్నా, టపక్నా, బహ్నా. రిస్నా అనగా మన చిప్పిల్లుట, చెమర్చుట; వేలితో తుడిస్తే తడి అంటును, బొట్టు కట్టదు. టపక్నా అనగా బొట్టు బొట్టుగా రాలుట. బహ్నా అనగా ధార కట్టి కారుట. కుర్రవాడు వచ్చి "లీకేజీ ఉన్నది" అంటే ఆయన మొదట "ఈ మూడింటిలో ఏది?" అని అడిగేవారు. అమెరికా సైన్యపు వాహన పరిశీలన గ్రంథాలలో ఇంచుమించు ఇట్టి మూడు తరగతులే గలవు: తడి కనబడి బొట్టు కట్టనిది మొదటిది, బొట్టు కట్టి పరిశీలించుచున్నంతసేపు రాలనిది రెండవది, బొట్టు రాలునది మూడవది. మొదటి రెండింటితో, నూనె మట్టం చూచుకొంటూ, బండి నడపవచ్చును. మూడవది పైవారికి తెలుపవలెను. ఇంధనం కారినప్పుడు మాత్రం ఏ తరగతి అయినను మన్నింపు లేదు. మామూజాన్ ఆ గ్రంథాల పేరైనా విన్నవారు కారు.

రాలుట వరకు వచ్చిన దానిని లెక్క వేయవచ్చును. సుమారు 20 బొట్లు ఒక మిల్లీలీటరు. నిమిషానికి ఒక బొట్టు రాలితే రోజుకు 1440 బొట్లు, అనగా 70 మిల్లీలీటర్ల చిల్లర. నెలకు రెండు లీటర్ల పైమాట. జీపు ఇంజిను పట్టే నూనె నాలుగు నుండి ఆరు లీటర్లు. వారానికొకసారి కడ్డీ తీసి మట్టం చూచుకొనే వానికి ఆ నష్టం వెంటనే తెలియును. గేరు బాక్సు సంగతి వేరు. విల్లీస్ తరహా జీపులో గేరు బాక్సు పట్టేది సుమారు ఒక లీటరు, దాని వెనుకనుండు ట్రాన్స్‌ఫర్ కేసు పట్టేది లీటరున్నర. వాటికి కడ్డీ లేదు. ప్రక్కనున్న బిరడా విప్పి వ్రేలు పెట్టి చూడవలెను. ఎవ్వరూ చూడరు. కనుక ఇంజిను క్రింద పెద్ద మరక కంటె గేరు బాక్సు క్రింద చిన్న మరకకే ఎక్కువ భయపడవలెనని మామూజాన్ అభిప్రాయం. మా అభిప్రాయమూ అదే.

ఇక కారుచున్నది ఏ ద్రవమో తెలియవలెను. చాలమంది రంగు చూచి చెప్పబోదురు. రంగు మోసం చేయును. డీజిలు ఇంజినులోని నూనె పోసిన కొద్ది రోజులకే మసితో నల్లబడును. దుమ్ము అంటిన ఏ ద్రవమైనను నలుపే. వాసన కొంత నమ్మదగినది. హౌసింగులలోను, కొన్ని గేరు బాక్సులలోను పోసే 90 నంబరు నూనెలో గంధక సమ్మేళనాలు ఉండును. పళ్లచక్రాలు ఒకదానిపై ఒకటి తీవ్రంగా ఒరయునప్పుడు అవి లోహాన్ని కాపాడును. అందువల్ల దానికి కుళ్లిన వెల్లుల్లి వంటి ఒక ఘాటు వాసన ఉన్నది. ఒకసారి చేతికి అంటితే సబ్బుకు కూడ సులభంగా పోదు. వ్రేళ్ల నడుమ చిక్కగా, తీగ సాగునట్లుండును. ఇంజిను నూనె అంత చిక్కన కాదు, కాలిన వాసన. డీజిలును, పెట్రోలును పోల్చుకోలేనివారు లేరు. రేడియేటరులో పోసే కూలెంటు పచ్చగానో, ఎర్రగానో ఉండి తీపి వాసన వేయును. ఆరిన చోట ఉప్పు పట్టినట్లు పొర కట్టును. అందులోని ఇథిలీన్ గ్లైకాల్ విషం. తీపికి ఆశపడి కుక్కలు నాకి చచ్చుట గలదు కనుక ఆ మరకను కడిగివేయవలెను. కొత్త బండ్లలో పవర్ స్టీరింగు నూనె చాలవరకు ఎర్రగా ఉండును. చల్లని గాలి యంత్రం ఉన్న బండి ముందు భాగం క్రింద స్వచ్ఛమైన నీరు కారితే అది గాలిలోని తేమ. దానిని చూచి ఒకసారి మేమే ఒక పెండ్లి బృందాన్ని అరగంట ఆపి నవ్వులపాలైనాము.

మిగిలినది బ్రేకు నూనె. నూనె అని పేరే కాని అది నూనె కాదు. నేడు వాడుకలో ఉన్న డాట్ 3, డాట్ 4 రకాలు గ్లైకాల్ జాతి ద్రవాలు. కొత్తది నీటివలెనో, లేత పసుపుగానో ఉండును. పాతబడిన కొలది గోధుమ రంగుకు తిరుగును. పలుచన, జారుడు ఎక్కువ, రంగు వేసిన రేకుపై పడితే రంగును తినివేయును. అన్నిటికంటె ముఖ్యమైన గుణం, అది నీటిలో కలియును. మామూజాన్ పరీక్ష ఇదే. గాజు గ్లాసులో నీరు పోసి, అనుమానపు బొట్టును పుల్లతో అందులో విడువవలెను. ఇంజిను నూనె, గేరు నూనె, డీజిలు, స్టీరింగు నూనె, ఇవన్నీ పైకి తేలి ఇంద్రధనుస్సు రంగుల పొర కట్టును. బ్రేకు నూనె కలిసిపోవును. కూలెంటు కూడ కలియును గాని, రేడియేటరు ముందు, చక్రం వెనుక. చోటే వాటిని విడదీయును. నీటిలో కలియని సిలికోన్ రకం బ్రేకు ద్రవం కూడ ఒకటి ఉన్నది గాని మన అద్దె జీపులలో అది కనబడదు.

వెనుక చక్రం లోపల తడి కనబడినప్పుడు ఈ పరీక్ష అవసరం ఎందుకనగా, అక్కడ రెండు ద్రవాలు పొరుగు పొరుగున ఉన్నవి. ఇరుసు గొట్టం వెంట హౌసింగు నూనె చక్రం వరకు వచ్చును. కొసనున్న ఆయిల్ సీలు అరిగితే అది బ్రేకు డ్రమ్ములోకి దిగి, టైరు లోపలి ప్రక్కన చార కట్టును. అదే డ్రమ్ములో బ్రేకు వీల్ సిలిండరు ఉన్నది. దాని రబ్బరు కప్పు చిట్లితే అదే చోట, అదే విధంగా చార కట్టును. బ్రేకు లైనింగు దుమ్ము రెండింటినీ నలుపు చేయును. మొదటిది కూడ నిర్దోషం కాదు. లైనింగు నూనెలో నానితే ఆ చక్రం పట్టదు, బండి ఒక ప్రక్కకు లాగును. రెండవదైతే పాత జీపులో నాలుగు చక్రాలకూ ఒకే మాస్టర్ సిలిండరు, ఒకే మార్గం కనుక, ఒక చక్రం వద్ద కారినది నాలుగింటి బ్రేకునూ తీసుకొనిపోవును. తరువాతి బండ్లలో మార్గాన్ని రెండుగా విడదీశారు. అందులోనైనను సగం శక్తి పోవును. నిలిచి ఉన్నప్పుడు అయిదారు చుక్కలే గదా అనుకొనరాదు. తొక్కిన ప్రతిసారి ఆ పీడనమంతా ఆ చీలికపై పడును. ఘాటు రోడ్డులో తొక్కవలసినది ఎన్నిసార్లు!

దోర్నాలలో ఏమి జరిగినదో తరువాత చెప్పెదము. ద్రవం తెలిసిన పిదప చోటు కనిపెట్టడం ఇంకొక విద్య. బొట్టు పడిన చోటికి సరిగా పైన దోషం ఉండునని భ్రమపడరాదు. బండి పరుగెత్తునప్పుడు గాలి నూనెను వెనుకకు తోయును. నిలిచినప్పుడు అది చాంబరు అంచు వెంటనో, చట్రం వెంటనో ప్రాకి, ఎక్కడ పల్లముంటే అక్కడ రాలును. టాపెట్ కవరు వద్ద పుట్టిన నూనె ఇంజిను వెనుక క్లచ్చి హౌసింగు క్రింద బొట్టై కనబడి, "వెనుక సీలు పోయినది, ఇంజిను దింపవలె" అని యజమాని చేత వేలకు వేలు ఖర్చు పెట్టించిన ఉదాహరణలు చూచాము. కాబట్టి తడిలో అన్నిటికంటె పైన, అన్నిటికంటె ముందున్న చోటు వెదకవలెను. మొదట డీజిలుతో కడిగి, సబ్బు నీటితో తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి, అనుమానం ఉన్న అతుకులపై ముఖానికి రాచుకొనే పౌడరు చల్లి, ఇంజిను పది నిమిషాలు నడిపితే, తెల్లని పొడిపై మొదటి గీత ఎక్కడ పుట్టునో కనబడును. నేడు పెద్ద కర్మాగారాలలో నూనెలో మెరిసే రంగు కలిపి అతినీలలోహిత దీపంతో చూతురు. సూత్రం ఒకటే.

రాత్రి బండి క్రింద పెద్ద అట్ట పరచి, దానిపై చక్రాల గుర్తులు, ఇంజిను గుర్తు వేసి, తెల్లవారి చూడటం ఇంటిలో చేయదగిన సులభమైన పని. అందరూ వార్తాపత్రిక పరచుమందురు. మామూజాన్ మాత్రం పత్రికను ముట్టనిచ్చేవారు కారు. ఉర్దూ పత్రికలో ఏ పుటలో ఏ పవిత్ర నామం ఉండునో, దానిపై నూనె కారరాదు అనేవారు. తెలుగు పత్రిక తెచ్చి ఇస్తే, "అది మాత్రం అక్షరం కాదా?" అన్నారు. పత్రిక గాలికి లేచి మడత పడును, నూనె పీల్చి చుక్కలన్నీ ఒకటే మరకగా కలియును. అట్టపై చుక్క చుక్కగానే ఉండును. కనుక ఆ మర్యాద వల్ల పని కూడ చక్కగానే సాగేది.

అడవి దారులలో, వాగులలో తిరిగే బండికి మరికొన్ని కారణాలు గలవు. రాయి తగిలి చాంబరు చీలవచ్చును. ఇరుసు వెంట పోవు సన్నని బ్రేకు గొట్టం నలగవచ్చును. గడ్డి, తీగలు, నార త్రాళ్లు తిరుగుచున్న భాగానికి చుట్టుకొని సీలు పెదవిని కోయవచ్చును. ఇవన్నీ కంటికి కనబడును. కనబడనిది, ఎక్కువమంది ఎరుగనిది, బ్రీదరు. హౌసింగు పైభాగాన ఊపిరి రంధ్రం వంటి చిన్న మూత ఉండును. బండి నడిచి హౌసింగు వేడెక్కితే లోపలి గాలి వ్యాకోచించి ఆ రంధ్రం గుండా బయటకు పోవలెను. అది బురదతో మూసుకొంటే గాలికి దారి లేక, సీళ్ల అంచుల నుండి నూనెను త్రోసుకొని వచ్చును. యజమాని సీలు మార్పించును. నెలలో మరల కారును. సీలు నాసిరకమని అంగడివానిని తిట్టును. మామూజాన్ వద్దకు అట్లు మూడు సీళ్లు మార్చుకొని వచ్చిన ఒక జీపుకు ఆయన చేసిన చికిత్స, ఒక తీగముక్కతో ఎండిన మట్టిని పొడిచి తీయడం. కూలి తీసుకొనలేదు.

అంతటితో ఆ రంధ్రం కథ ముగియలేదు. వేడెక్కిన హౌసింగు ఒక్కసారిగా వాగు నీటిలో మునిగితే లోపలి గాలి చల్లబడి ముడుచుకొనును. సీలు వద్దనో, నీట మునిగిన బ్రీదరు గుండానో నీటిని లోనికి పీల్చుకొనును. అప్పుడు లోపలి నూనె పాలు ఎక్కువైన టీ రంగుకు వచ్చును. అది బయటకు కారదు కనుక మరక ఉండదు. బేరింగులు లోలోపల త్రుప్పు పట్టును. మరక లేకపోవడమే క్షేమమని ఎంచరాదనుటకు ఇది సాక్ష్యం. నీటిలో ఎక్కువ తిరిగే బండికి ఆ మూత స్థానంలో రబ్బరు గొట్టం తగిలించి, దాని కొసను ఇంజిను పెట్టె పైభాగం వరకు తీసుకొనిపోవుదురు. ఇంజినుకు కూడ ఇట్టి ఊపిరి గొట్టం ఉన్నది. అది మూసుకొన్నను అన్ని అతుకుల నుండి ఒకేసారి నూనె చెమర్చును. అనేక చోట్ల ఒక్కసారి కారడం మొదలైనదంటే సీళ్లన్నీ ఒకే రోజు చెడవు గదా. ముందు ఊపిరి చూడవలెను.

విద్యార్థులు ఈ వ్యాసం చదివి బండి క్రిందికి దూరుదురేమో కనుక కొన్ని మాటలు. జాకీని ఒక్కదానిని నమ్మి బండి క్రింద పడుకొనరాదు. స్టాండు కాని, బలమైన చెక్క దిమ్మె కాని పెట్టవలెను, చక్రాలకు రాళ్లు అడ్డం వేయవలెను. వేడి రేడియేటరు మూత విప్పరాదు. ఇంధనం వాసన వచ్చినప్పుడు అగ్గిపుల్ల వెలుగులో చూడరాదు, బీడీ కాల్చుకొన్నవానిని దగ్గరకు రానీయరాదు. కొందరు పాత మేస్త్రులు ద్రవాన్ని నాలుకపై వేసుకొని చెప్పుట గలదు. అది విద్య కాదు, విషం మ్రింగుట.

దోర్నాల టీ అంగడిలో మేము గాజు గ్లాసుతో నీరు అడిగాము. విద్యార్థి పుల్లతో టైరు మీది తడిని తీసి అందులో విదిలించాడు. నల్లని దుమ్ము అడుగుకు దిగినది. పైన పొర కట్టలేదు. మరొక బొట్టు వేశాము. అదీ కలిసిపోయినది. పోల్చి చూచుటకు ఇంజిను కడ్డీ కొసనున్న నూనె బొట్టును వేశాము; అది రంగుల పొరగా పరచుకొన్నది. డ్రైవరు ఏమీ అనలేదు. పెడలు తొక్కి చూడుమన్నాము. చాల లోతుకు పోయినది. అప్పుడు, "ఉదయం నుండి రెండుసార్లు తొక్కవలసి వస్తున్నది సార్" అన్నాడు. నాలుగు వందల గ్రాముల డబ్బా కొని పోసుకొని నెమ్మదిగా పోదామన్నాడు. అతనిని దుర్మార్గుడని అనలేము. బండి అతనిది కాదు, ఆ రోజు బాడుగ పోతే యజమానికి సమాధానం చెప్పుకోవలసినది అతడే. మా సహోద్యోగి కూడ, గూడెంలో మన కొరకు ఎదురు చూచుచుందురని నొచ్చుకొన్నారు. తొమ్మిది మందిమి అక్కడే దిగిపోయాము.

సాయంకాలం అక్కడి మెకానిక్కు డ్రమ్ము విప్పాడు. వీల్ సిలిండరు రబ్బరు కప్పు అంచు చీలి ఉన్నది, లైనింగు నాని ఉన్నది. మాస్టర్ సిలిండరులో ద్రవం అడుగంటినది. ఆ రాత్రి దోర్నాలలోనే పడుకొన్నాము. సామాను ఉదయం బస్సులో మార్కాపురం నుండి వచ్చినది. బిగించి, గొట్టాలలోని గాలి తీసి, పదకొండు గంటలకు బయలుదేరాము. కర్నూలు వచ్చి మామూజాన్‌కు చెబితే ఆయన పరీక్ష సంగతి వదలి, "ఆ గ్లాసు ఏమి చేశారు?" అని అడిగారు. ఆ గ్లాసులో మరల ఎవ్వరికీ టీ పోయరాదని చెప్పి, దాని వెల అంగడివానికి ఇచ్చి, పగులగొట్టి పారవేశామని చెప్పాము.